గెలిచాననుకుని వచ్చేశాను

సిద్దిపేట బస్టాండులో మిర్చి బజ్జీల వాసన వస్తే ఇప్పటికీ నా మీద నాకే చిరాకేస్తుంది. ఏడో తరగతిలో జిల్లా పోటీల్లో వంద మీటర్ల పరుగులో ఫస్టొచ్చాను. ఇక పనైపోయిందనుకుని, కొండపాక బస్సు కోసం ఎదురుచూస్తూ బజ్జీలు తింటున్నాను. మా పీఈటీ సారు చెమటలు కక్కుతూ బండి మీద వచ్చారు.

"గాడ ఫైనల్‌కు నీ పేరు పిలుస్తున్నరు! గీడ బజ్జీలు తింటున్నవా?"

"గెలిచిన గద సార్?"

"గది మొదటి రౌండే! అసలు పందెం ఇంకా కాలే. ఏం పిల్లవే నువ్వు! ఎక్కు బండి!"

నిండు కడుపుతో పరుగెత్తి చివరన వచ్చాను. సారు తల పట్టుకున్నారు.

తర్వాత రాష్ట్రం తరఫున పరుగెత్తి పతకాలు తెచ్చాను. ప్రతి గెలుపు వెనకే ఇంకో పోటీ కాచుకుని ఉండేది. అంతా గెలిచేశానని బస్టాండులో కాళ్లూపుకుంటూ కూర్చుని బజ్జీలు తిన్న ఆ కాసేపు మాత్రం మళ్లీ దొరకలేదు.