ఉర్దూ గదిలో ఇరవై రెండు రోజులు

పోయిన వారం మా బిడ్డ ఫోన్ చేసింది. దాని కూతురు వచ్చే ఏడు ఒకటో తరగతికి వస్తుంది. అక్కడి సర్కారు బడిలో తల్లులందరినీ పిలిచి కూర్చోబెట్టి, ఒక గది వేరు చేస్తున్నామనీ, ఆ గదిలో పొద్దున గంట కొట్టింది మొదలు సాయంత్రం దాకా ఇంగ్లీషు తప్ప ఇంకో మాట వినబడదనీ చెప్పారట. మిగతా గదుల్లో పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. ఆ గదిలో మాత్రం కొద్దిమందినే తీసుకుంటారు. "ఏం చెయ్యాల్నో తోస్తలేదే అమ్మా. ఎల్లుండి వరకు సంతకం పెట్టాలె. నువ్వైతే ఏం చేస్తవ్?" అని అడిగింది. దానికి గుర్తు లేదు గానీ, ఇటువంటి లెక్క ఒకసారి దాని గురించే నేను వేశాను. అప్పుడు దానికి ఆరేళ్లు. నాకు ఒక్క అక్షరం రాదు.

ఎనభైల చివర మాట. సిద్దిపేటలో ఒక సందులో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన రైసు మిల్లులో పని చేసేవాడు, నేను బీడీలు చుట్టేదాన్ని. బడి మా సందు చివరనే ఉండేది. ఒకటో తరగతి, రెండో తరగతి కలిపి ఒకే గది, ఒకే సారు. పిల్లలు గది నిండి, వరండా నిండి, మెట్ల మీద కూడా కూర్చునేవాళ్లు. వాన వస్తే వరండాలోని వాళ్లు లోపలికి వచ్చి, లోపలి వాళ్ల ఒళ్లో కూర్చున్నంత పని చేసేవాళ్లు. సారు హాజరు తీసుకోవడం మొదలుపెడితే సగం పొద్దు దానికే పోయేది. చివరి పేరు పిలిచేసరికి, మొదట్లో పలికిన వాళ్లలో కొందరు ఇంటికి కూడా చేరిపోయేవాళ్లు. మా పిల్లకు తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట జాగ దొరికింది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాన్ని దాటుకుంటూ పోయేవాళ్లు. దసరా సెలవుల ముందు నేను పోయి, "సారూ, మా పిల్ల ఎట్ల సదువుతుంది?" అని అడిగితే, ఆయన గదంతా ఒకసారి చూసి, "ఏ పిల్ల తల్లీ?" అన్నాడు. నేను చూపిస్తే, "ఓ, తలుపుకాడి పిల్లనా! మంచిగనే కూసుంటది" అన్నాడు. చెడ్డవాడు కాదు పాపం. అంతమందిలో ఎవరి పేరని గుర్తు పెట్టుకుంటాడు?

అదే ఆవరణలో, నీళ్ల నల్లాకు అవతలి పక్క ఇంకో గది ఉండేది. అది ఉర్దూ గది. అందులో పదిహేను, పదహారు మంది పిల్లలు, చాపలు, ఒక టీచరమ్మ. ఇరవై మంది కాకపోతే గది మూసేస్తారని పైనుంచి చెప్పారట. అందుకని ఆమె సాయంత్రాలు గొడుగు పట్టుకుని సందులన్నీ తిరిగేది. ఒకరోజు మా పక్కింటికి వచ్చింది. ఆ ఇంటి ఆమెను మేమందరం ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవాళ్లం. ఆమె, నేను ఎదురెదురుగా కూర్చుని ఒకరి చాటలోని తునికాకు ఒకరం కత్తిరించుకుంటూ బీడీలు చుట్టేవాళ్లం. మా పిల్ల ఖాలా పిల్లలతో ఉర్దూలో పోట్లాడుతోంది. టీచరమ్మ అది వింటూ నిలబడిపోయింది. "అరె, ఎవరి బిడ్డ? జబాన్ ఎంత సాఫ్ ఉన్నది!" అంది. నా బిడ్డ అని చెప్పాను. "ఒక నెల పంపించి సూడమ్మా. మా గదిల తెలుగు బంద్. మంచినీళ్లు అడగాలన్నా ఉర్దూలనే అడగాలె. ఈ వయసుల పిల్లలు జల్ది పట్టుకుంటరు. మంచిగ లేదనిపిస్తే నీ బిడ్డను నువ్వు తీస్కపో" అంది. ఖాలా చేతిలో కత్తెర ఆపకుండానే, "నా ముగ్గురు ఆడనే ఉన్నరు గదా. తల్లులం కూడి ఆకు కత్తిరిస్తలేమా, పిల్లలు కూడి సదువుకుంటే ఏమైతది?" అంది.

ఆ తరువాత రెండు రోజులు చేతులు బీడీలు చుడుతున్నా మనసంతా అదే. అప్పటి నా బుద్ధికి అక్షరాలంటే అక్షరాలే. ఏ బాసవైతే ఏమిటి, రావడం ముఖ్యం అనుకున్నాను. ఇంకొక సంగతి కూడా ఉంది. మా ఇంట్లో చదువు వచ్చినవాడు మా మామ ఒక్కడే. ఆయన చదువు ఉర్దూలోనే సాగింది. నిజాం కాలంలో నాలుగో జమాతు దాకా చదివి, తాసీలు కచేరి ముందర కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టేవాడట. నేను కోడలిగా వచ్చేనాటికే ఆ పని పోయి, మిల్లు దగ్గర కాపలా ఉంటున్నాడు. తెలుగు గదిలో పిల్లకు ఏదైనా తెలియకపోతే ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. ఉర్దూ అయితే తాత చెప్తాడు. ఇంత బాగా ఆలోచించినదాన్ని, ఆ తాతను ఒక మాట అడగాలని మాత్రం తోచలేదు. సంతోషపడతాడులే అనుకున్నాను. పేరు రాయించి వచ్చి చెప్తే, ఆయన తల ఎత్తకుండా, "రాయించినంక చెప్తున్నవా" అన్నాడు. అంతే.

పిల్ల మాత్రం మారిపోయింది. మొదటి రోజే టీచరమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పేరు పెట్టి పిలిచి, చెయ్యి పట్టి రాయించిందట. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో! పలక నిండా రాసుకుని, ముక్కు మీద బలపం పొడితో వచ్చేది. ఇంట్లో కూడా తెలుగు బంద్ చేసింది. నేను తెలుగులో అన్నానికి పిలిస్తే పలికేది కాదు. ఖాలా నవ్వి, "నీ బిడ్డ నాకన్నా సాఫ్ మాట్లాడుతుంది. నేనే పోయి ఆడ కూసుంట, నా ఆకు గూడ నువ్వే కత్తిరించు" అనేది. మామ పిల్ల పలక వైపు దూరం నుంచే చూసేవాడు. ఒక పొద్దున అది ముఖం కడుక్కోవడానికి పోయినప్పుడు, ఆయన వంగి, బలపం తీసుకుని, ఒక అక్షరం కింద పిల్ల మరిచిపోయిన చుక్క పెట్టి, ఏమీ ఎరగనట్టు బయటికి వెళ్లిపోయాడు. నేను చూశాను. ఇంక కోపం పోయినట్టే అనుకున్నాను.

ఆ తరువాతి ఆదివారం దుబ్బాకలో మా ఆడబిడ్డ కొడుకును తొట్టెలలో వేసే పండుగ. మా ఆయన ముందు రోజే పోయాడు. నేను, పిల్ల, మామ బస్టాండుకు వచ్చాం. నేనెప్పుడు బస్టాండుకు వచ్చినా నలుగురిని అడిగి గానీ బస్సు ఎక్కేదాన్ని కాదు. ఆ రోజు ఎవరినీ అడగలేదు. వెంట చదువుకున్నవాళ్లు ఇద్దరున్నారు కదా! ఒక బస్సు వచ్చి ఆగింది. "బోర్డు సూడు బిడ్డా" అన్నాను దర్జాగా. పిల్ల బోర్డు చూసి, తాతను చూసింది. తాత డ్రైవరు వైపు చూసి, "ఎక్కుండ్రి" అన్నాడు. ఎక్కాం. కాలు పెట్టే సందు లేదు. కండక్టరు మా దగ్గరికి వచ్చేసరికి ఊరు దాటి చాలా దూరం వచ్చేశాం. దుబ్బాక అన్నాను. "దుబ్బాకనా? గిది హుస్నాబాద్ బస్సు తల్లీ! గంత పెద్దగ తెలుగుల బోర్డున్నది, సదువుకున్నోళ్లు ఒక్కలు లేరా మీల?" అన్నాడు. నాకు పౌరుషం వచ్చి, "ఎందుకు లేరు? ఇద్దరున్నరు!" అన్నాను. బస్సంతా నవ్వింది. ఆ నవ్వులోనే మమ్మల్ని దింపేశారు.

ఎండలో వెనక్కి నడవడం మొదలుపెట్టాం. పిల్ల ముందు పరుగెడుతోంది. మామ నా పక్కకు వచ్చాడు. "దుబ్బాక బస్సు తోలేటోని మొఖం నాకెర్క. ఏండ్ల సంది గట్లనే ఎక్కుతున్న. ఇయ్యాల వాణ్ని ఈ బస్సుకు ఏసిన్రు" అన్నాడు. నేను ఆగిపోయాను. "మరి నాకెన్నడు చెప్పకపోతివి మామా?" అన్నాను. "ఏమని చెప్పాలె? డ్రైవర్ మొఖం సూసి బస్సెక్కుతానని కోడలికి చెప్పుకోవాల్నా?" అన్నాడు. మళ్లీ ఆయనే అన్నాడు. "నా చేతిరాత కోసం కచేరికాడ మంది నిలవడేది బిడ్డా. రాజ్యం మారింది, కాయితాలు తెలుగుల వడ్డయి. ఒక్కపారే గాదు, మెల్లగ. ఒకనాడు సూస్తే నేను సదువు రానోణ్నైన. నీకు మొదటిసంది రాదు, నీకు గా బాధ ఎర్కలేదు. వచ్చి పోవుడు ఎట్లుంటదో నాకెర్క." నేను ఖాలా పిల్లల సంగతి అడిగాను. వాళ్లూ ఉర్దూయే కదా చదివేది. "వాళ్లింట్ల అది బతికుంటది. ఉత్తరాలల్ల, పెండ్లిపత్రికలల్ల, మస్జిద్‌ల ఉంటది. మనింట్ల నాతోనే పోతది" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. అయినా రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. ఒకవైపు, ఊళ్లో ఏ గోడ మీద రాసినా చదువుకోగల అక్షరాలు. వాటిని నేర్పే గదిలో దానికి కూర్చునే చోటు లేదు. ఇంకోవైపు, దాని పేరు తెలిసిన టీచరమ్మ. మూడో రోజు పోయి పిల్ల పేరు తీయమని అడిగాను. టీచరమ్మ ముఖం చిన్నబోయింది. "నేను ఏమన్న అన్ననా అమ్మా?" అంది. బస్సు సంగతి చెప్పాను. నవ్వబోయి ఆగింది. "మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మా గదికే రమ్మనమ్మా. ఆడ కూసొని తిననీకి జాగ లేదు గదా" అంది. ఆ ఏడంతా మా పిల్ల అక్కడే అన్నం తిన్నది. ఇరవై మంది కాక, మరుసటి జూన్‌లో ఆ గది మూసేశారు. ఖాలా పిల్లలు ఊరి అవతలి బడికి నడిచి పోవలసి వచ్చింది. నీ ఒక్క పిల్ల ఉన్నా ఆ గది నిలవడేది కాదు అని ఖాలా నాతో చాలాసార్లు అంది. నన్ను ఓదార్చడానికే అంటోందని నాకు తెలుసు.

తెలుగు గదిలో పిల్ల మళ్లీ తలుపు దగ్గరే కూర్చుంది. దాని చదువు నత్తలా సాగింది. ఇంట్లో చెప్పేవాళ్లు లేరన్న మాట నన్ను తొలుస్తూనే ఉండేది. తరువాత ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతామని సాయంత్రం పూట మా సందులో చాపలు పరిస్తే, అందరికంటే ముందు పోయి కూర్చున్నాను. అప్పటికి నాకు ముప్పై దాటాయి. నేనూ నా బిడ్డా ఒకే పలక మీద దిద్దుకున్నాం. కొన్ని రోజులు నేను ముందుండేదాన్ని, కొన్ని రోజులు అది. మామను కూడా రమ్మంటే, "నాకు వచ్చింది ఒకసారి పోయింది, చాలు" అన్నాడు. మూడో తరగతికల్లా పిల్ల గడగడా చదివేది. ఫోన్‌లో మా బిడ్డకు ఇదంతా చెప్పి, సంతకం సంగతి దానికే వదిలేశాను. అప్పుడు పేరు తీయించి తప్పు చేశానని అనుకోను. కానీ ఆ ఇరవై రెండు రోజులు అది ఇంటికి పరుగెత్తుకొచ్చినట్టు మళ్లీ ఏ బడి నుంచీ రాలేదు. అక్షరాలు ఆలస్యంగా అయినా వస్తాయి, నాకు అట్లాగే వచ్చాయి. ఆరేళ్ల వయసు మాత్రం ఆలస్యంగా రాదు.