డాబా మీద జానెడు వైరు

ఆరేళ్ళుగా నేనొక జానెడు వైరు మోస్తున్నాను. తూకానికి బరువేమీ లేదు. పాత సామాన్లవాడు కూడా తీసుకోడు. అయినా మోస్తున్నాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే నేను నోరు తెరిస్తే జనం ముందు నవ్వేస్తారు, ఆ తర్వాత వింటారు. అది నేను కష్టపడి సంపాదించుకున్న పేరు. మీకు నా మొహం తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా చర్చిలో ప్రతి ఆదివారం ఆరాధన మొదట్లోనే అందరం కలిసి ఒకే గొంతుతో పాపాలు ఒప్పుకుంటాం. అందులో పెద్ద సౌకర్యం ఉంది. అంతమంది ఒకేసారి ఒప్పుకుంటే ఎవరిది ఏ పాపమో దేవుడు విడదీసుకోవాలి తప్ప పక్కవాడికి తెలియదు. ఆరేళ్ళుగా ఆ గుంపులో నా వైరు కూడా కలిపేస్తున్నాను. నాకు మూడు వరసల ముందు, ఆడవాళ్ళ వైపు, సువార్తమ్మ గారు కూర్చుంటారు. ఆవిడ కూడా ఒప్పుకుంటారు. ఏం ఒప్పుకుంటారో నాకు అర్థం కాదు. ఆవిడ వాటా కూడా నాదే.

మాది నరసాపురం. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, కేబుల్ టీవీ వాళ్ళ దగ్గర పని. మా ఆఫీసుని ఆఫీసని ఎవరూ అనరు, కంట్రోల్ రూమ్ అంటారు, అక్కడి నుంచి రాకెట్లు వదులుతున్నట్టు. టీవీ వైరు మీదే ఇళ్ళకి ఇంటర్నెట్ కూడా ఇవ్వడం ఓనరు గారు ఆ ఏడే మొదలుపెట్టారు. నాకు మూడు రోజులు ట్రైనింగ్ ఇప్పించి ఇంటర్నెట్ ఇంజినీరు అన్నారు. నాలుగో రోజు నుంచి నేను కూడా నమ్మాను.

సువార్తమ్మ గారిది మా వెనక వీధి. లేసు అల్లుతారు. మా ఊళ్ళో లేసు అల్లని ఇల్లు తక్కువ, అందులో గొప్పేమీ లేదు. గొప్పేంటంటే, ఆవిడ కొత్త అల్లికలు తనే ఊహించి తీస్తారు. డిజైను ఆవిడది, అల్లేది వీధిలో ఆడవాళ్ళు, పేరు మాత్రం వాటిని కొని కంపెనీలకి అమ్మే ఏజెంటుది. ఇరవై ఏళ్ళు అలాగే నడిచింది. ఆ ఏడు చెన్నైలో ఎగుమతులు చేసే ఒక కంపెనీ ఆవిడకి ఒక అవకాశం ఇచ్చింది. పొద్దున వాళ్ళు అడిగిన కొలతకి కొత్త నమూనాలు తీసి, అదే రోజు సాయంత్రం ఆరు లోపు ఫొటోలు పంపాలి; అల్లడం ముగిసేసరికే నాలుగవుతుంది. క్రిస్మస్ దాకా వేళకి పంపగలిగితే ఇక మధ్యలో ఏజెంటు ఉండడు, పని నేరుగా ఆవిడకే వస్తుంది. నెట్ సెంటర్ నుంచి పంపడానికి లేదు. అక్కడి కంప్యూటర్లో పడిన డిజైను తెల్లారేసరికి ఏజెంటు బల్ల మీద ఉంటుంది. అందుకని పాత కంప్యూటర్ ఒకటి, చిన్న కెమెరా ఒకటి కొనుక్కుని, యాభయ్యో ఏట మౌసు పట్టుకోవడం నేర్చుకుని, ఇంటికి మా కనెక్షన్ పెట్టించుకున్నారు. పెట్టింది నేనే. మొదటి నెల ఫొటోలు చక్కగా వెళ్ళాయి.

ఇక వైరు సంగతి.

మా దగ్గర కేబుల్ వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎవరి డాబా మీద నుంచి వైరు దాటిస్తే వాళ్ళింటికి టీవీ కనెక్షన్ ఫ్రీ. రాతకోతలేమీ ఉండవు. వాళ్ళు మన వైరుని తెగ్గొట్టకుండా ఉన్నందుకు మర్యాద. సువార్తమ్మ గారి లైను మా డాబా మీద నుంచే వెళ్ళింది. పద్ధతి ప్రకారం మాకూ ఫ్రీ రావాలి. నెల తిరిగాక అడిగితే ఓనరు గారు, నువ్వు మన మనిషివి కదరా, నీకు ఫ్రీ ఏంటి అన్నారు. పరాయివాళ్ళకి ఉచితం, మనవాళ్ళకి బిల్లు. ఆ తర్కం నాకు ఇప్పటికీ అందలేదు. వారం ఆగి, డాబా ఎక్కి, ఆ లైను తొక్క గీకి, ఇంకో వైరు ముక్క దానికి మెలి తిప్పి, నల్ల టేపు చుట్టి, కిందకి అమ్మ టీవీకి దించాను. అమ్మతో పద్ధతి ప్రకారం వచ్చిందని చెప్పాను. దొంగతనం అనుకోలేదు. హక్కు అనుకున్నాను. దొంగలందరూ అలాగే అనుకుంటారా? అడిగి తెలుసుకుందామంటే నాకు దగ్గరగా తెలిసిన దొంగ నేనొక్కణ్ణే.

టీవీకి అలాంటి అతుకు చాలు. బొమ్మ మా దగ్గర్నుంచి ఇళ్ళకి వస్తుంది, కాలవ నీళ్ళలాగా దానంతటదే. ఇంటర్నెట్‌కి ఆ దారి ఒక్కటీ సరిపోదు. ఇంట్లోంచి పంపేది అదే వైరులో ఎదురీదుకుంటూ మా దాకా రావాలి. ఆ ఎదురొచ్చే గొంతు చాలా సన్నం. దారిలో ఎక్కడైనా అతుకు సరిగా లేకపోతే చుట్టుపక్కల తిరిగే మోటార్ల కరెంటు రొదంతా అందులో దూరుతుంది. పంటు మీద గోదావరి దాటేటప్పుడు ఇంజను పక్కన నిలబడి మాట్లాడితే అవతలివాడికి మన పెదాలు కదలడం ఒక్కటే కనిపిస్తుంది చూడండి, అలాగ.

మా అమ్మ ఇంట్లో గ్రైండరు పెట్టుకుని ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్మేది. రోజూ సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే ఆరింటికి ఆపేది. ఆదివారం ముట్టుకునేది కాదు.

మీకు అర్థమైపోయింది. నాకు అప్పటికి అర్థం కాలేదు. ఇంతవరకు నన్ను నమ్మవచ్చు. ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

సువార్తమ్మ గారి ఫిర్యాదులు మొదలయ్యాయి. వచ్చేవన్నీ బాగానే వస్తున్నాయి, పంపేవే వెళ్ళడం లేదు అని. ఫొటో సగం దాకా పాకి ఆగిపోతుంది. ఆరు దాటాక కదులుతుంది. అప్పటికి చెన్నైలో ఆఫీసు మూసేస్తారు. మర్నాడు వాళ్ళు చూసే వేళకి ఏజెంటు పంపినవి ముందురోజే ఎంచుకుని ఉంటారు. నేను వెళ్ళాను. మోడెం మార్చాను. కనెక్టర్లు మార్చాను. వైరస్ అన్నాను, విండోస్ మళ్ళీ ఎక్కించాను. ఫొటోలు చిన్నవి చేసి పంపమన్నాను. చిన్నవి చేస్తే రంధ్రాలు కనపడవు, లేసంటేనే రంధ్రాలు కదా అన్నారావిడ. నేను వెళ్ళేది ఎప్పుడూ పొద్దున పదింటికి. పదింటికి ఆవిడ లైను బ్రహ్మాండంగా ఉండేది. బాగానే ఉందిగా అండీ అనేసి వచ్చేసేవాణ్ణి.

వచ్చి కంట్రోల్ రూమ్‌లో ఆ కథలు చెప్పేవాణ్ణి. సువార్తమ్మ గారి ఫొటో చెన్నైకి పంటు ఎక్కి బయల్దేరిందనీ, ప్రస్తుతం అవతలి ఒడ్డున సఖినేటిపల్లి రేవులో దిగి టీ తాగుతోందనీ. అందరూ పడీ పడీ నవ్వేవారు. ఆవిడ ఫోను వస్తే చాలు, ఇంజినీరు గారూ, ఫొటో ఇంకా రేవులోనే ఉందట అని నాకు అందించేవారు. రెండు నెలలు తిరిగేసరికి ఆవిడ ఫిర్యాదు మా రోజువారీ వినోదం అయిపోయింది. ఒక మనిషి మాట ఎవరూ నమ్మకుండా చేయాలంటే ఆ మనిషిని తిట్టక్కర్లేదు, అబద్ధాలకోరు అనక్కర్లేదు, నాలుగుసార్లు ఆవిడ మీద నవ్వించగలిగితే చాలని నేను చదువుకోకుండానే నేర్చుకున్నాను.

ఒకరోజు ఆవిడే వచ్చారు. మధ్యాహ్నం. ఓనరు గారు, ఇద్దరు లైన్‌మన్లు, నేను ఉన్నాం. ఆవిడ చేతిలో బడిపిల్లల నోటుపుస్తకం. బల్ల మీద తెరిచి నా వైపు తిప్పారు. ఎన్నో రోజులుగా అరగంటకొక ఫొటో పంపి, ఎంతసేపు పట్టిందో వరసగా రాసుకున్నారు. కుట్టు తర్వాత కుట్టు లెక్కపెట్టుకుంటూ బతికిన మనిషి కదా, ఒక్క గడి కూడా వదల్లేదు.

“చూడు బాబూ. నాలుగింటి దాకా బాగుంది. నాలుగు నుంచి ఆరు దాకా లేదు. మళ్ళీ బాగుంది. ఆదివారం రోజంతా బాగుంది. నా కంప్యూటరే పాడైతే ఆదివారం ఎందుకు బాగుంటుంది చెప్పు? ఆ టైములో వీధిలో ఏదో నడుస్తోంది. అదేంటో చూస్తావా?”

నాలుగు నుంచి ఆరు. ఆదివారం లేదు. ఆ పుస్తకంలోంచి నాకు మా గ్రైండరు చప్పుడు వినిపించింది.

“ఏంట్రా, ఏమంటారు ఆవిడ?” అన్నారు ఓనరు గారు. అంతకు ముందు నెలే, దొంగ కనెక్షన్ ఇచ్చాడని ఒక లైన్‌మన్‌ని ఆయన మా అందరి ముందూ పనిలోంచి తీసేశారు.

“ఏం లేదండి. వారమంతా పోని ఫొటోలు ఆదివారం పోతున్నాయంటండి. మన ప్రార్థనలే పైకి వెళ్తున్నాయో లేదో తెలీదు, ఆవిడ ఫొటోలు నయం. మిగతా రోజులు కూడా ఆరాధన పెట్టమని పాస్టరు గారిని అడుగుదామండి.”

లైన్‌మన్లు బల్ల చరిచి నవ్వారు. ఓనరు గారూ నవ్వారు. సువార్తమ్మ గారు కూడా నవ్వారు, మర్యాదకి. నవ్వడం అయ్యాక నెమ్మదిగా అన్నారు.

“తప్పు నాదైతే నాదని చెప్పు బాబూ, నేర్చుకుంటాను. వైరుదైతే వైరుదని చెప్పు. రెండిట్లో ఒకటి చెప్పు.”

“మా వైరు బంగారమండి,” అన్నాను. “మీ కంప్యూటరే పాతదండి.”

ఆవిడ పుస్తకం మూసుకుని వెళ్ళిపోయారు.

భయంతో అన్నాను అనుకుంటున్నారా? నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ మర్నాడు ఒకటి జరిగింది. అది ఎవరికీ తెలీదు. మీకు చెప్పాలని కూర్చున్నది అసలు అదే.

మర్నాడు నాలుగున్నరకి మా డాబా ఎక్కాను. కింద గ్రైండరు తిరుగుతోంది. ఆఫీసు సెల్లుతో కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, సువార్తమ్మ గారి లైను తెర మీద పెట్టి చూస్తూ ఉండమని అక్కడున్నతనికి చెప్పాను. టేపు ఊడదీశాను. మెలిక విప్పాను. రెండు వైర్లూ విడదీసి పట్టుకున్నాను. ఏం చేశావు, రొద మొత్తం పోయింది, గీత తిన్నగా వచ్చేసింది అన్నాడు ఫోన్లో అతను. ఎండ కళ్ళల్లో పడుతోంది. చేతిలో జానెడు వైరు. ఆవిడ ఆ సమయానికి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటారు. ఒక ఫొటో సగంలో ఆగకుండా చివరి దాకా వెళ్ళి ఉంటుంది.

అప్పుడు కింద నుంచి అమ్మ పిలిచింది. “ఒరే, బొమ్మ పోయిందిరా.”

మళ్ళీ మెలి తిప్పాను.

టేపు చుట్టాను, ఈసారి ఇంకా శుభ్రంగా. గీత మళ్ళీ చెడింది అన్నాడు ఫోన్లో అతను. గాలికి స్తంభం దగ్గర కదులుతోందేమోలే అన్నాను.

ఎందుకు? ఉద్యోగం పోతుందనా? ఆ ముక్క తీసి జేబులో వేసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఏం చేశావురా అంటే కనెక్టర్ మార్చానండీ అంటే సరిపోయేది. అన్నేసి అబద్ధాలు ఆశువుగా చెప్పేవాడికి ఆ ఒక్క అబద్ధం ఎందుకు రాలేదు? అమ్మ సీరియల్ కోసమా? అమ్మకి సీరియల్ పోతే పక్కింటికి వెళ్ళి చూసేది. ఆ టీవీలో నేను చూసే క్రికెట్టా? కొంత. కానీ కొంతే. ఆ ముక్క తీసేస్తే మర్నాటి నుంచి ఆవిడ ఫొటోలు వేళకి వెళ్తాయి, నోటుపుస్తకం నిజమని తేలుతుంది, రేవులో టీ తాగే ఫొటో కథ ఆగిపోతుంది, ఇంటర్నెట్ ఇంజినీరు పట్టుకోలేనిది లేసు అల్లే ఆవిడ పట్టుకుందని రేపు వాళ్ళే బల్ల చరుచుకుంటారు. నేను నవ్వించేవాణ్ణి. నా మీద నవ్వితే ఓర్చుకోలేను. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండేది, చెప్పుకోవడానికైనా. వెతికాను. లేదు.

రేపు తీసేద్దాం అనుకున్నాను. ఆ క్రికెట్ సిరీస్ అయిపోయాక తీసేద్దాం అనుకున్నాను. సిరీస్ అయిపోయింది. ఇంకోటి మొదలైంది.

క్రిస్మస్ ముందు వారం ఆవిడ కనెక్షన్ తీసేయమన్నారు. చెన్నై వాళ్ళు వేళకి పంపలేని వాళ్ళతో కష్టం అని పని ఏజెంటుకే ఇచ్చేశారు. మోడెం తేవడానికి నేనే వెళ్ళాను. కంప్యూటర్ మీద అప్పటికే పాత దుప్పటి కప్పి ఉంది. అరుగు మీద ఏజెంటు పంపిన నూలు కట్టలు. ఆవిడ టీ ఇచ్చారు. నిన్ను చాలా తిప్పాను బాబూ, నాకే చేతకాలేదు అన్నారు. రెండిట్లో ఒకటి చెప్పమని అడిగి, నేను చెప్పింది నమ్మేశారు. ఆ నోటుపుస్తకం రాసిన మనిషి, నన్ను నమ్మారు. అంతకన్నా తిట్టినా బాగుండేది. లోపలికి వెళ్ళి గుండ్రటి లేసు గుడ్డ ఒకటి తెచ్చారు. చెన్నైకి పంపిన నమూనాల్లోది. మీ అమ్మని టీవీ మీద వేసుకోమను అన్నారు. అక్కడ జోకు వేయాలి. నాకేమీ తోచలేదు. తోచకూడని చోట్లన్నిటా తోచింది.

లైను చుట్టుకుంటూ వెనక్కి వచ్చాను, ఆవిడ గుమ్మం నుంచి మా డాబా దాకా. మా డాబా మీద మొత్తం తీసేశాక కింద నుంచి అమ్మ మళ్ళీ అంది, బొమ్మ పోయిందని. ఎందుకు పోదు? ఆ లైనులోంచి తీసుకున్నదే కదా. ఎవరి దాంట్లోంచి తింటున్నామో వాళ్ళే లేకుండా పోతే మనకి మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది, ఈ మాత్రం ఇంజినీరుకి తట్టలేదు. మర్నాడు నేనే అందరిలాగా కనెక్షన్ రాయించాను. ఆ మెలిక ముక్క మాత్రం కత్తిరించి పనిసంచిలో వేసుకున్నాను. ఎందుకో తెలీదు. ఆ పని మానేశాను, సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాను. ఆ ముక్క షాపు సొరుగులో ఉంది. లేసు గుడ్డ అమ్మ టీవీ మీద ఉంది. ఉతికినప్పుడల్లా, ఎంత నేర్పో చూడరా అంటుంది అమ్మ.

సువార్తమ్మ గారు ఇప్పటికీ ఏజెంటుకే అల్లుతున్నారు. కళ్ళద్దాలు మందమయ్యాయి. ఆవిడకి చెబితే క్షమించేస్తారని తెలుసు, అలా చౌకగా బయటపడకూడదని చెప్పలేదు అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. వినడానికి బాగుంది కదా? అబద్ధం. ఆవిడ ఆ నోటుపుస్తకం తెచ్చి మళ్ళీ నా ముందు తెరుస్తారేమోనని భయం.

ఇది చదివి మీరు నన్ను ఏమీ అనక్కర్లేదు, ఓదార్చనూ అక్కర్లేదు. ఆ గుంపు గొంతులోంచి ఒక్కసారి నా గొంతు విడదీసి పలకాలనిపించింది. పలికాను. ఛాతీలో జానెడంత ఖాళీ అయింది. అంతకు మించి ఏమీ కాలేదు.

సువార్తమ్మ గారూ, రెండిట్లో ఒకటి చెప్పమన్నారు. వైరుదండి. ఆ వైరు నాది.