తూకానికో తిట్టు

ఆ రోజుల్లో, మరాఠీ గడ్డ మీద మా తెలుగు నేతగాళ్ళుండే జోడ్‌భావి పేటలో చేతులున్న ప్రతివాడికీ ఏదో ఒక పని దొరికేది. నాకు నోటికి కూడా దొరికింది. ఆరో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంటే (నేనే వదిలేశానని ఇంట్లో చెప్పుకున్నాను, అది వేరే సంగతి) పవర్‌లూమ్ మీద టవళ్ళు నేస్తుండేవాణ్ణి. ఒక వేసవిలో యూనివర్సిటీ నుంచి డాక్టర్ బాయి ఒకావిడ పసిపిల్లల ఎదుగుదల మీద పరిశోధనకు వచ్చింది. ఆవిడకు తెలుగు రాదు, మా ఆడవాళ్ళు కొత్తవాళ్ళ ముందు మరాఠీ ఎత్తరు, కాబట్టి మధ్యలో నేను. బరువు తక్కువున్న బిడ్డకు రోజూ పాలు, గుడ్డు ఇప్పిస్తానంది. ముందు తూచాలి కదా! మా ఇంట్లో ఉయ్యాల కట్టే కొక్కేనికే త్రాసు వేలాడదీసింది. వాకిట్లో బీడీలు చుడుతున్న ఆడవాళ్ళు ఒక్కరూ కదల్లేదు.

"బిడ్డను తూస్తరా? ఇదేమన్న జొన్నలా? దిష్టి తగుల్తది," అంది అందరికంటే ముందు మా అక్క. అక్క కూతురు ఏడాది నిండినా పుల్లలాగే ఉండేది. ఆ పాలు ఎవరికి కావాలో నాకు తెలుసు, అదే నా గుబులు.

దిష్టికి విరుగుడు మావాళ్ళందరికీ తెలిసిందే: బిడ్డను పొగడకూడదు, తిట్టాలి. తిట్టడమంటే మా పేటలో నా తర్వాతే ఎవరైనా! "తూసినప్పుడల్ల నేను తిడత, ఏ కన్నూ తగలదు," అన్నాను. పక్కింటి వదిన నవ్వుతూ తన బొద్దు కొడుకుని అందించింది. "థూ! ఏంది వైనీ, ఎండు బెండకాయను కన్నవ్?" వాకిలంతా ఘొల్లుమంది. ఆ తర్వాత వరుస కట్టారు. "కప్ప మొఖం!" "దీనికన్న మా నూలు కండె బరువుంటది!" తిట్టు చాల్లేదని ఒకామె మళ్ళీ తిట్టించుకుంది. పసివాళ్ళను ఎందుకు తిడుతున్నావని మరాఠీలో కంగారుపడిన బాయికి, "ఆశీర్వాదం, బాయీ," అని చెప్పాను.

చివరికి అక్క వచ్చింది. త్రాసుకు కట్టిన జోలెలో బిడ్డను వేస్తే ముల్లు కదిలిందో లేదో. బాయి మొహం చూశాను. నా నోరు పడిపోయింది (అలాంటిది అదే మొదటిసారి).

"తిట్టురా! అందరి పిల్లలను తిట్టి నా బిడ్డనే ఇడుస్తవా?" అక్క కళ్ళ నిండా నీళ్ళు.

"ఛీ, ఏనుగు పిల్ల! దించుండ్రి, దూలం ఇరుగుతది!" అన్నాను. అక్క ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. మర్నాటి నుంచే పాలు, గుడ్డు మొదలయ్యాయి.

ఆ ఏనుగు పిల్ల ఇప్పుడు కుంభారి కాలనీలో ఉంటుంది. మొన్న స్కూటీ మీద వచ్చి తన పసివాణ్ణి నా ఒళ్ళో పడేసింది. "ఏదీ, తిట్టు మామా, గట్టిగ!"

వాడు బోసినోటితో నవ్వాడు. "బంగారంలెక్క ఉన్నడే," అనేశాను.

"ముసలోడివైనవ్ మామా, పని మరిచినవ్," అని తల కొట్టుకుంటూ ఎండుమిరపకాయల కోసం వంటింట్లోకి పరిగెత్తింది.