రోజూ వచ్చే అనుకోని ఆలస్యం

ముందే చెప్పేస్తున్నాను, గోరంతను కొండంత చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. తగ్గింపు మీరే వేసుకుంటూ చదవండి.

కోవిడ్ ఆంక్షలు సడలిన ఏటి చలికాలంలో, గురుగ్రామ్‌లోని ఒక విమానయాన సంస్థ నన్ను షెడ్యూలింగ్ విభాగానికి సీనియర్ మేనేజర్‌గా వేసింది. మా అంతస్తుకు లిఫ్టు చేరేలోగా చేతిలోని టీ మీద మీగడ కట్టేది. రెండు ఊళ్ల మధ్య ప్రయాణం ఎంతసేపో టైంటేబుల్లో వేయడం నా పని. అది గాలిలో ఉండే సమయమని ప్రయాణికులు అనుకుంటారు. మేం లెక్కించేది బ్లాక్ టైమ్: ఇక్కడ చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మలు తీసినప్పటి నుంచి, అక్కడ మళ్లీ పెట్టేదాకా. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు గాలిలో పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, అందులో మార్పుండదు. పొగమంచు కమ్మే రోజుల్లో విమానం రన్‌వే చేరడానికి నేల మీద నడిచే దూరం మాత్రం ఇంచుమించు జైపూర్ దాకా ఉండేది.

మా వైస్ ప్రెసిడెంట్ అరోరా గారు ఆ బ్లాక్ టైమ్‌లోంచి పదిహేను నిమిషాలు కోసేయమన్నారు. కోస్తే, డ్యూటీ గంటల పరిమితి దాటకుండా ఒకే సిబ్బందిని రోజుకు రెండుసార్లు హైదరాబాద్ పంపి రప్పించవచ్చు. కాగితం మీద. "లేటయితే అనుకోని ఆలస్యం అని రాసెయ్యండి మూర్తీజీ, ఠీక్ హై?" అన్నారు. నిబంధనల్లో ఆ వెసులుబాటుంది. ఆలస్యం అనుకోనిదైతే, కెప్టెన్ ఒప్పుకుంటే, డ్యూటీ కాస్త పొడిగించవచ్చు.

కొన్నాళ్లు ప్రయోగంగా నడిపారు. రోజూ ఆలస్యమే, రోజూ పొడిగింపే. ఒకరోజు కేబిన్ సిబ్బందిలో సీనియర్, రాజమండ్రి అమ్మాయి విజయలక్ష్మి నా గదికి వచ్చింది. కుర్చీ చూపిస్తే, కూర్చుంటే మళ్లీ లేవలేనంది. మోకాలు వాచిపోయింది. ఇలాగే సాగితే ఎగరడం మానుకోవాలని డాక్టర్ చెప్పాడట.

"అంకుల్, మా ఇంటికి పాలవాడు రోజూ వస్తాడు. అనుకోని అతిథి అంటామా?"

"అంకుల్ అనకమ్మా, నాకింకా యాభై నిండలేదు," అన్నాను.

"నాలుగుసార్లు ట్రాలీ తోసి చూడండి, నిండిపోతాయి."

పాత సమయమే ఉంచాలని ఫైలు మీద రాశాను. "ఈ ఆలస్యం అనుకోనిది కాదు. నేను రోజూ అనుకుంటూనే ఉన్నాను" అని కూడా రాశాను.

అరోరా గారు ఫైలు చదివి, తానే విమానమెక్కారు. రెండోసారి హైదరాబాద్ చేరేసరికి సిబ్బంది గంటలు అయిపోవచ్చాయి. కెప్టెన్ ఆ రోజు పొడిగింపుకు ఒప్పుకోలేదు. తిరుగు విమానం రద్దయింది. ఈయన కంపెనీ మనిషని పసిగట్టిన ప్రయాణికులు పుష్కరాల రేవులో జనంలా కమ్ముకున్నారు. "ఏంది సార్, నిన్న మా అల్లునికి గిట్లనే జేసిన్రు, ఇయాల నాకు," అని ఒక పెద్దావిడ ఆయన టై పట్టుకుంది. మర్నాడే పదిహేను నిమిషాలూ తిరిగొచ్చాయి.

స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా నాకు ఉపయోగపడిన పాఠమిది: టైంటేబుల్లో కోసిన నిమిషాలు మాయం కావు, ఎవరో ఒకరు నిలబడి వాటిని పూర్తిచేయాలి. కోసేముందు వాళ్లను అడగాలి.

ఇక, పెంచినవి అనేకం. పూర్తిగా కల్పించింది ఒక్కటే. అరోరా గారు విమానమెక్కలేదు. "చూశాను" అని రాసి ఫైలు తిప్పి పంపారు. విజయలక్ష్మి ఆ వేసవికే ఎగరడం మానేసింది. ఆ పదిహేను నిమిషాలు ఇంకా తిరిగి రాలేదు.