పిన్ని పన్నెండు మాటల స్తోత్రం

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగు వీడియోలు చూసినవాడల్లా మాస్టారైపోయేవాడు. నేనూ అలాగే అయ్యాను. కోచింగ్ సెంటర్‌లో కొత్త ఉద్యోగం, సాయంత్రాలు ఖాళీ. బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో డబ్బు కొన్న కొత్తవాళ్లకి ఏ వాలెట్‌లో దాచుకోవాలో చెప్పేవాణ్ని (ఫీజు ఒక చాయ్). అందరూ ‘వాలెట్ మాస్టారు’ అనేవారు. అది ఎగతాళి అని నాకు చాలాకాలం తెలియలేదు.

ఎల్బీనగర్‌లో ఉండే మా పిన్ని, బంగారు గాజుల కోసం దాచుకున్న డబ్బంతా బిట్‌కాయిన్‌లో పెట్టి నన్ను పిలిపించింది. “కొన్న కంపెనీ దగ్గరే ఉంచావనుకో, వాళ్లు తలుపులు మూస్తే గోవిందా! పెన్‌డ్రైవ్ లాంటి పరికరం భద్రమే కానీ ఖరీదు. నీకు ఫోన్‌లో యాప్ చాలు పిన్నీ” అన్నాను. యాప్ పన్నెండు ఇంగ్లిష్ మాటలు ఇచ్చింది. ఫోన్ పోయినా అవి వరసగా కొడితే సొమ్ము దక్కుతుంది. పరాయివాళ్లకి తెలిస్తే వాళ్ల పాలవుతుంది. “ఫోటో తీయకు, ఎవరికీ చెప్పకు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టు” అన్నాను గంభీరంగా. “కాగితానికి చెదలు పడుతుందిరా. నోటికొస్తే చాలదూ?” అంది. భేష్ అన్నాను (మాస్టారు కదా).

కొన్నాళ్లకి మళ్లీ వెళ్తే, వాళ్ల అపార్ట్‌మెంట్ కింద ఇస్త్రీ అన్న బట్టలు రుద్దుతూ కూనిరాగం తీస్తున్నాడు: “లెమన్ టైగర్ లాడర్...” అవి పిన్ని వాలెట్ మాటలే! “ఏంటన్నా అది?”

“మీ పిన్నమ్మ రోజు పొద్దుగాల పూజల చదువుతది గద సార్, గంట కొట్టుకుంట! గల్లీ మొత్తం ఇనొస్తది. ఏ దేవునిదో తెల్వది గని, మనసుకు మంచిగుంటది. పై అంతస్తు మేడం గూడ నేర్చుకుంటున్నది.”

మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు. “పన్నెండూ తప్పు లేకుండా వచ్చేశాయిరా!” అంటూ పిన్ని హారతి పళ్లెంతో ఎదురొచ్చింది. ఆవిడ ఫోన్ అందుకుని యాప్ తెరిచాను. సొమ్ము కదల్లేదు. అది స్తోత్రమే అనుకున్న ఆ గల్లీవాళ్లందరికీ మనసులోనే దండం పెట్టాను. అక్కడే కూర్చుని కొత్త వాలెట్ చేసి, సొమ్మంతా అందులోకి మార్చి, ఈసారి మాటలు కాగితం మీద రాయించి ఆవిడ పట్టుచీరల మధ్య పెట్టించాను. “అయితే ఇంత కష్టపడి నేర్చుకున్నవి మర్చిపోవాలా?” అంది పిన్ని, చిన్నబుచ్చుకుని. “చదువుకో పిన్నీ, అందులో ఇక ఏమీ లేదు” అన్నాను.

పిన్ని చేతులకి ఇప్పుడు గాజులున్నాయి. ఇక నా సంగతంటారా, సొంత వాలెట్ ఉన్న ఫోన్‌ని కొత్త ఫోన్ కోసం ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాను. మాటలు రాసుకోలేదు (మాస్టారికి నామోషీ). వాటిలో ఒక్కటీ గుర్తులేదు. కానీ మెట్రోలో ఎల్బీనగర్ వస్తోందంటే చాలు, పిన్ని పాత మాటలు పన్నెండూ పొల్లుపోకుండా పెదాల మీదికి వచ్చేస్తాయి. వాలెట్ మాస్టారు ఇప్పటికీ తెరవగలిగింది ఆ ఖాళీ వాలెట్ ఒక్కటే.