నాలుగింటి గాలి

కోవిడ్ తర్వాతి రెండో వేసవిలో, మార్చి ఒకటో తేదీన, అరకులోయలోని ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో వాతావరణ పరిశీలకుడిగా చేరాను. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. అప్పటిదాకా మైదానపు ఉక్కపోతలోనే ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి ఆ లోయ నాకు మొదటి వారంలోనే తెగ నచ్చేసింది.

పరిశీలకుడి పని గడియారంతో ముడిపడిన పని. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి పరికరాల ఆవరణలోకి వెళ్లాలి. తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి వేడి, తేమ చూడాలి. స్తంభం మీద తిరిగే గిన్నెల యంత్రంలో గాలి వేగం చూసి రిజిస్టరులో ఎక్కించాలి. మొత్తం సర్వీసులో ఒక్క రీడింగు కూడా ఊహించి రాయలేదని నాకు కాస్త గర్వం ఉండేది. రెండింటి రీడింగు అయ్యాక పెద్దగా పనుండదు. క్వార్టరు వెనక బట్టలు ఆరేసుకుని, నాలుగు కొట్టేసరికి తీసేసేవాణ్ణి. ఆలస్యమైతే లుంగీలు కంచె మీదకు ఎగిరిపోయేవి. ఆ తర్వాత టీ.

మంగళ, శుక్రవారాల్లో రైతుల బులెటిన్ వెళ్లేది. పై కార్యాలయం నుంచి వచ్చే ఐదు రోజుల అంచనాకు మా సైంటిస్టుగారు పంటల సలహా చేర్చేవారు. స్థానికంగా గాలి ఎలా ఉంటుందన్న రెండు వాక్యాలు నావి. అది ఊళ్ల వాట్సాప్ గ్రూపులకు చేరేది. ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ చెట్ల ఆకులు రాలి, తొక్కితే పొడి అయ్యేటంతగా ఎండాయి. మార్చి రెండో శుక్రవారం బులెటిన్‌లో వేడి పెరుగుతుందని, అడవి మంటల ప్రమాదం ఉందని రాసి, చివర ‘గాలి రోజంతా తేలికగా ఉంటుంది’ అని చేర్చాను. నా రీడింగులు అలాగే ఉన్నాయి మరి.

ఆ రోజు అరకు సంత. సంతకు చింతపండు తెచ్చిన సొంబారి మా ఆఫీసు మెట్లెక్కింది. కొండవాలు మీద ఎకరం కాఫీ తోట ఉన్న గిరిజన రైతు, నా వయసుదే. తోటల కింద ఎండుగడ్డి బయలు, ఆ రెంటి మధ్య ఏటా ఊరంతా కలిసి వేసే ఫైర్ లైన్. అంటే రెండు బారల వెడల్పున గడ్డీ గాదం చెక్కి, అక్కడే కాల్చేస్తారు. తర్వాత బయల్లో ఎప్పుడు నిప్పు పుట్టినా అక్కడికి వచ్చి ఆగిపోతుంది. ఎప్పుడూ తెల్లవారుతూనే కాల్చేవారు. ఈసారి పొద్దున్న మిరియాల కోతలున్నాయి, గాలి ఎలాగూ ఉండదని బులెటిన్‌లో వచ్చింది, కాబట్టి సోమవారం మధ్యాహ్నం కాలుద్దామని ఊరివాళ్లు సంతలోనే అనుకున్నారట.

“రోజంతా గాలి నేదని రాసినావంట. మాపటేల అగ్గెడితే నా తోట ఏటవుద్ది బాబూ?” అంది.

రిజిస్టరు తెరిచి అంకెలు చూపించాను. ఇవి ఎన్నింటికి చూసినవని అడిగింది. ఏడింటికి, రెండింటికి అన్నాను. మరి నాలుగింటికో అంది. నాలుగింటికి చూడాలన్న రూలు లేదన్నాను, కాస్త విసుగ్గానే. ఆమె వాదించలేదు. “నువ్వు రాసినాక ఊరోళ్లు నా మాట ఇనరు. సోమారం నువ్వూ రా. సూద్దువు గాని” అని చింతపండు బుట్ట ఎత్తుకుంది.

వెళ్లాను. మూడింటికి నిప్పు పెట్టారు. పొగ నిటారుగా లేచింది. నా బులెటిన్ నా కళ్ల ముందే నిజమవుతుంటే ముచ్చటేసింది. నాలుగు కావస్తుండగా లోయలోంచి గాలి లేచింది. మంట పక్కకు వంగి, గీత దాటి సొంబారి తోటలోని ఎండుటాకుల్లో పడింది. అందరం పచ్చి కొమ్మలు విరిచి కొట్టాం. నా చేయి కాలింది, చెప్పొకటి ఎక్కడో పోయింది. నాలుగు వరసల కాఫీ, వాటి పక్కన ఓక్‌లకు పాకించిన మిరియాల తీగలు మా ఎదుటే మాడిపోయాయి. ఐదో వరస దగ్గర మంట దానంతటదే తగ్గింది. అక్కడ నేల మీద ఆకన్నది లేదు. సొంబారీ ఆమె కూతురూ శనివారం మొదలుపెట్టి, తోట పైనుంచి ఆ వరసదాకా మట్టి కనపడేలా ఊడ్చుకొచ్చారు, కింది నాలుగు వరసలకే వేళ చాలలేదు.

మనుషులకు ఏమీ కాలేదు. కానీ పన్నెండేళ్లు పెంచిన మొక్కలవి, పూత మొగ్గ మీదున్నాయి. సిగ్గుతో తలెత్తలేకపోయాను. తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె మసి పట్టిన మొహం కొంగుతో తుడుచుకుంటూ నా వైపు చూసింది.

“రెండు సంతలకీ తిరిగెల్తా సూసినాను, నాలుగయ్యే తలికి నువ్వు లుంగీ కోసం కంచెకాడికి పరిగెడతన్నావు. నీ లుంగీకి తెల్సిన గాలి నీ బుక్కుకి తెల్దేటి బాబూ?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నష్టపోయిన మనిషి నన్ను తిట్టకుండా ఆట పట్టిస్తుంటే కళ్లు చెమర్చాయి. ఆ క్షణం నుంచి ఆమె అంటే నాకు ఎంతో ఇష్టం.

మర్నాటి బులెటిన్‌లో సవరణ రాశాను. నా గాలి రీడింగులు రెండు వేళలవి మాత్రమేనని, నాలుగింటి ప్రాంతంలో బలమైన గాలి లేస్తోందని, నిప్పు పనులు ఉదయం తొమ్మిదిలోపు ముగించాలని. ఇంత వివరంగా ఒప్పుకోవాలా అని సైంటిస్టుగారు అడిగారు. ఒప్పుకోవాలన్నాను, ఆయన సంతకం పెట్టారు. రోజు మొత్తం గాలికి సగటు ఒకటి తీస్తాం గాని, గంటన్నర విసిరిన గాలి ఇరవై నాలుగు గంటల సగటులో కలిసిపోయి కనిపించదు. అందుకని ఆ రోజు నుంచి నాలుగింటికి మూడో రీడింగు తీశాను. దానికి రిజిస్టరులో గడి లేదు. రిమార్కుల గడిలో పెన్సిలుతో రాసేవాణ్ణి. బట్టలు ఆ తర్వాతే తీసేవాణ్ణి, కంచె మీద పడితే పడనీ అని.

మాడిన కాఫీ మొక్కల్ని సొంబారి మోకాలెత్తున కోయించింది. మోళ్ల నుంచి కొత్త చిగుళ్లు వచ్చాయి. నేను రిటైరయ్యే ఏడు ఆ నాలుగు వరసలూ మళ్లీ పూశాయి, తక్కిన తోటంత ఒత్తుగా కాకపోయినా. అప్పటిదాకా సంతకొచ్చిన ప్రతి శుక్రవారం బులెటిన్ చదివించుకుని, “ఇది ఎన్నింటి గాలి?” అని అడిగేది. ఆ ప్రశ్నకు జవాబు పక్కన రాయకుండా మళ్లీ బులెటిన్ పంపలేదు.

చార్జి అప్పగించేటప్పుడు కొత్తగా వచ్చిన పరిశీలకుడికి పరికరాల తాళాలు, రిజిస్టర్లు ఇచ్చి, రిమార్కుల గడి చూపించి ఒక్కటే చెప్పాను. రోజుకు రెండుసార్లు చూసినవాడు ‘రోజంతా’ అని రాయకూడదు.