చెరువును మింగిన అద్దం

మామ పోయిన సంగతి నాకు ఆర్డరుగా వచ్చింది.

నేను విరుదునగర్‌లో ఒక కలర్ ల్యాబులో పనిచేస్తాను. పెళ్ళి ఆల్బములు, ఫ్లెక్సులు అచ్చువేయడం మా పని. ఆ పొద్దున కోవిల్‌పట్టి డిజైనరు ఒకడు పంపిన ఫైళ్ళలో ఒక సంతాపం బ్యానరు ఉంది. మా వైపు మనిషి పోతే ముందుగా వీధి మొగదల ఫ్లెక్సు లేవాలి. శవానికి స్నానం ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనరు. ఫైలు తెరిస్తే మా మామ, మా అమ్మకు సొంత తమ్ముడు, నవ్వుతూ ఉన్నాడు. వెనక నీలాకాశం, జలపాతం, రెండు హంసలు. అమ్మ ఫోను ఆ తర్వాత వచ్చింది. "ఏడ్చేదానికే తీరిక లేదు, నీకెప్పుడు చెప్పేది?" అంది.

జలపాతాన్నీ హంసలనూ చెరిపేసి వెనక ఒట్టి బూడిదరంగు పెట్టాను. డిజైనరు వెంటనే ఫోన్ చేశాడు. "బోసిగా ఉందంటున్నారక్కా, ఆకాశం కావాలట" అన్నాడు. మామ తన జన్మలో కంప్యూటర్లో ఆకాశం మార్చినవాడు కాదు, మార్చినవాళ్ళతో సరిగా మాట్లాడినవాడూ కాదు. అలాంటి మనిషి నెత్తిన అరువు ఆకాశం వేసి అచ్చుకొట్టాను. అందరినీ తిట్టుకుంటూ కొట్టాను.

ఆయనకు కోవిల్‌పట్టిలో, బస్టాండు వెనక సందులో, మేడమీద స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, చెవులు కుట్టే వేడుకలు, పాస్‌పోర్టు ఫొటోలు తీసి బతికాడు. మనసు మాత్రం నాగలాపురం అవతల మా ఊరి నల్లరేగడి మీద. వాన వెలిసిన చేను, గాలిమరల వెనక మబ్బు, తుమ్మచెట్టు మీద కొంగ, ఇవీ ఆయన తీయాలనుకున్న ఫొటోలు. తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్ళం, మా ఇళ్ళల్లో ఫొటోను తమిళంలోలా పడం అంటారు. "మనిషి లేని పడం ఎవుడు కొంటాడు రా?" అని మామను కన్న తండ్రి జీవితమంతా అడిగాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మామకు అదొక గొప్ప కూడా. నలుగురిలో కూర్చుంటే తన పడాల గురించి తానే చెప్పుకునేవాడు, మధ్యలో ఎవరైనా లేస్తే కోపగించుకునేవాడు.

నాకు కెమెరా పట్టుకోవడం ఆయనే నేర్పాడు. మేనకోడలినని ముద్దేమీ లేదు. "నిన్ను కట్టుకొనేవోడు పాపం, వాని మొకం కూడా ఇట్లానే వంకరగా తీస్తావు" అనేవాడు. ఆదివారం మోపెడ్ మీద ఎట్టయాపురం రోడ్డుకో, తిరుచ్చులి వైపుకో తీసుకుపోయేవాడు. చేత్తో తుపాకి పట్టినట్టు చూపుడువేలు సూర్యుడివైపు, బొటనవేలు పైకి పెట్టి మణికట్టు తిప్పమనేవాడు. బొటనవేలు పోయిన దారంతా ఆకాశం బాగా ముదురుతుంది. ఆ ముదురు రంగు తెచ్చేది లెన్సు ముందు తగిలించే పోలరైజర్ ఫిల్టరు. ఆయన దాన్ని అద్దం అనేవాడు.

నా మొదటి అద్దం కొన్న రోజు బాగా గుర్తు. విరుదునగర్‌లో ఒక కెమెరా కొట్టుకు ఇద్దరం పోయాం. నేను పెట్టె మీద రాసినవన్నీ చదువుతున్నాను.

"పెట్టె చదివేదానికా వచ్చినావు? అద్దం చూడు" అన్నాడు మామ. కొట్టతని క్యాలిక్యులేటర్ లాక్కుని, అద్దాన్ని నా కంటి ముందు పెట్టి మెల్లగా తిప్పించాడు. అంకెల గడి మొత్తం నల్లగా ఆరిపోయింది.

"ఆరింది మామా."

"ఇప్పుడు తిరగేసి పట్టు."

తిరగేస్తే ఎంత తిప్పినా ఆరలేదు.

"ఒక పక్క ఆరి, ఇంకో పక్క ఆరకపోతే అది నీ కెమెరాకు సరిపడే రకం. రెండు పక్కలా ఆరితే పాత రకం, దాన్ని పెడితే నీ కెమెరా ఫోకసు తెలీక తడుముకుంటాది. యాడా ఆరకపోతే అది ఒట్టి గాజు, ఈయన దగ్గరే పెట్టుకోమను."

కొట్టతనికి తెలుగు రాకపోయినా ఆ చివరి మాట అర్థమైనట్టుంది, మొహం మాడ్చుకున్నాడు. మామ అంతటితో ఆగలేదు. అద్దాన్ని తెల్లకాగితం మీద పెట్టి పసుపు తేలుతుందేమో చూశాడు. రింగు తిప్పి, గట్టిగా ఉందని ఒకటి పక్కన పడేశాడు. అంచు మందంగా ఉంటే వెడల్పు లెన్సుకు మూలలు నల్లబడతాయని ఇంకొకటి వద్దన్నాడు. నేను నా చిన్న లెన్సు కొలతది తీసుకోబోతే చేతిమీద కొట్టాడు.

"ఉండేదాంట్లో పెద్ద నోరు లెన్సుకు కొను. చిన్నదానికి రింగు వేసి తగిలించుకో. పెద్ద చెప్పులో చిన్న కాలు పడతాది, చిన్న చెప్పులో పెద్ద కాలు పడతాదా?"

బయటికొచ్చాక వేపచెట్టు కింద నిలబెట్టి ఆ అద్దంలోంచి ఆకులు చూడమన్నాడు. తిప్పుతుంటే ఆకుల మీది తెల్లటి మెరుపు జారిపోయి లోపలి పచ్చ బయటపడింది. "మెరుపు పోతే నిజం కనపడతాది పాపా" అన్నాడు. ఆ మాటను ఆయన వేదంలా చెప్పేవాడు, నేనూ అలాగే నమ్మాను.

ఇక చెరువు సంగతి చెప్పాలి. చెప్పకుండా మామ మంచివాడు, మెల్లగా నవ్వేవాడు అని రాసి ముగించడం నావల్ల కాదు.

మా ఊరి చెరువు లోతైనది కాదు. వాన సరిగా పడితే పళ్ళెంలో పోసినట్టు నీళ్ళు పరుచుకుంటాయి, కొన్నాళ్ళకు భూమిలోకి ఇంకి చుట్టూ చేలను బతికిస్తాయి. వానలు లేని ఏళ్ళు వరసగా వచ్చేసరికి అది చెరువన్న మాటే కాగితాల్లో మరుగునపడింది. సోలార్ కంపెనీ ఒకటి వచ్చి, ఇది బీడు, మాకు కావాలంది. అదే ఏడు అదృష్టం కొద్దీ వాన పడి చెరువులో నీళ్ళు చేరాయి. ఊరివాళ్ళు అర్జీ రాసుకుని, దానికి పడం జతచేయాలని మామ దగ్గరికి వచ్చారు. పెద్దరైతు, నాకు వరసకు తాత, ఆయనే ముందుండి అడిగాడు. "ఎవుడూ కాదనలేని మాదిరి తీ రా" అన్నాడు.

మామ జీవితంలో మొట్టమొదటిసారి మా ఊరు ఆయనను మనిషి లేని పడం తీయమంది. ఆయన ఎంత పొంగిపోయాడో నాకు తెలుసు. బురద పేరుకుని నీళ్ళు తేటపడేదాకా ఆగాడు. స్టాండు మోసుకుపోయి, పక్కవాటు ఎండ చూసుకుని, తన దగ్గరున్న అద్దాల్లోకెల్లా మంచిది తగిలించాడు. ఆ పడం నిజంగా గొప్పగా వచ్చింది. ముదురు నీలం మీద తెల్లటి మబ్బులు, తుమ్మల పచ్చ, కింద నిగనిగలు లేని నల్లనేల. నీళ్ళ మీది ఆకాశపు మెరుపును అద్దం తుడిచేసింది. పలచటి తేట నీటి అడుగున రేగడి మాత్రం మిగిలింది. ఊళ్ళో అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. చెరువు తెలిసినవాళ్ళు కాబట్టి అందులో వాళ్ళకు చెరువే కనపడింది.

అర్జీ పట్టుకుని తాలూకా ఆఫీసుకు వాళ్ళతో నేనూ పోయాను. అధికారి చెడ్డవాడేం కాదు, అర్జీ మొత్తం చదివాడు. పడాన్ని కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "ఇది ఎండిన నేల కదయ్యా, నీళ్ళెక్కడ?" అన్నాడు.

తాత పడం లాక్కుని చూశాడు.

మామ మాత్రం తడబడలేదు. కుర్రాళ్ళకు పాఠం చెప్పినట్టే జేబులోంచి అద్దం తీశాడు. అధికారి బల్ల మీది గాజులో ట్యూబులైటు నీడ మెరుస్తోంది. "దీంట్లోంచి చూడండి సార్" అని తిప్పి చూపించాడు. మెరుపు మాయమైంది. "నీళ్ళు ఉండాయి సార్. వాటి మీది మెరుపును ఈ అద్దం తీసేసింది, అంతే."

అధికారి అద్దాన్ని కిందపెట్టాడు. "అంటే ఉన్నది లేనట్టు చేసిన ఫొటో అన్నమాట" అన్నాడు.

మామ అద్దం తీసుకుని జేబులో పెట్టేశాడు. కంప్యూటర్లో ఒక్క మబ్బు మార్చని మనిషి. మళ్ళీ తీసి తెస్తామని నేను అన్నాను. అధికారి రమ్మన్నాడు. మొదటి పడం తీసి అప్పటికే రోజులు గడిచాయి, మేం ఊరు చేరి కెమెరా పట్టుకుని పోయేసరికి గాలికీ ఎండకూ ఆ పలచటి నీళ్ళు కాస్తా ఆరిపోయాయి. ఇప్పుడు అద్దం పెట్టినా పెట్టకపోయినా ఒకటే. తర్వాతి వానకాలం మొహం చాటేసింది. కంపెనీ గ్రావెల్ తోలి దిబ్బ పోసి పలకలు పాతింది.

ఊరు మామకు పేరు పెట్టింది, చెరువు మింగినోడు అని. పెట్టింది తాతే. కంపెనీ దగ్గర చేయి తడుపుకున్నాడని కొందరన్నారు. తమ పొలాల పక్కన దిబ్బ పోస్తుంటే నోరెత్తనివాళ్ళు కూడా మామ మీద నోరెత్తారు. మామ ఊరికి పోవడం మానేశాడు. నాకు వాళ్ళ మీద ఎంత కోపమో ఆయన మీదా అంతే. సాక్ష్యం కోసం తీసే పడానికి అందమెందుకు? ఈ మాట ఒకసారి అడిగేశాను. ఆయన అప్పుడు స్టూడియో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు, కెమెరాలన్నీ అమ్మేశాక.

"నా కన్ను తప్పు కాదు పాపా" అన్నాడు. "మెరుపంటే నాకు మొదటినుంచీ పగ. పగ పెట్టుకొని చూసినాను. అదే తప్పు."

లేచి, "కాఫీ తాగుతావా?" అని అడిగాడు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ఆ సంగతి రాలేదు. మొన్న టీకొట్టు దగ్గర గుండె పట్టుకుని కూలిపోయేదాకా ఆయన చేతిలో నేను మళ్ళీ కెమెరా చూడలేదు. నాకు దుఃఖం కన్నా కసి ఎక్కువగా ఉంది. ఇంత తెలిసిన మనిషి ఒక్క పడంతో ముగిసిపోయాడు.

బతికుండగా పోవడం మానేసిన ఊరికి ఆయన అస్థికలను కర్మకు తీసుకుపోయాం. ఆ వారమంతా వాన దంచికొట్టింది. నీళ్ళకు పాత దారి గుర్తే, చెరువుకని వచ్చాయి. అక్కడ చెరువు లేదు, దిబ్బ ఉంది. దిబ్బకు తగిలి చేలల్లోకి తిరిగాయి. కాయ పట్టిన మినుములు నడుము లోతు నీళ్ళలో కుళ్ళుతున్నాయి. పిండం పెట్టి వస్తుంటే తాత ఎదురొచ్చాడు. ఒళ్ళు బాగా వంగిపోయింది.

"పాపా, కెమెరా తెచ్చినావా? సర్కారు పంట నష్టం కట్టేదానికి పడం కావాలంట. మా పిల్లోండ్ల సెల్లులో అంతా పొగ మాదిరి వస్తా ఉండాది. నువ్వు కొంజం తీసిపెట్టు." గొంతు తగ్గించి అన్నాడు. "కానీ, మీ మామ అద్దం మాత్రం వద్దు."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పిండం తడి ఇంకా ఆరలేదు తాతా" అన్నాను. ఆయన తల దించుకున్నాడు కానీ కదలలేదు. వెనకాల ఆడవాళ్ళు కొందరు కుళ్ళిన మినప మొక్కలు కొంగులో వేసుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళు మామను ఒక్క మాటా అనలేదు. వాళ్ళ మొహాలు చూసి కారులోంచి కెమెరా తెచ్చాను.

లోతు తెలియాలి, ఎవరైనా దిగండి అన్నాను. తాతే దిగాడు. పంచె ఎగగట్టి, ఒక్కో అడుగూ తడుముకుంటూ తన చేను మధ్యకు పోయి నా వైపు తిరిగాడు. కుళ్ళిన మొక్కను ఒక చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. అద్దం లేని లెన్సులో ఆకాశం వెలవెలబోయింది, పచ్చ చచ్చిపోయింది. నీళ్ళు మాత్రం ఒకటే తెల్లగా, కళ్ళలో పొడిచేటంతగా మెరిశాయి.

"నీళ్ళు తెలుస్తా ఉండాయా, పాపా?" అని అక్కడినుంచి అరిచాడు.

"తెలుస్తున్నాయి" అన్నాను.

"నెజంగానా?"

మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉన్నాడు. నేను నొక్కుతూనే ఉన్నాను. పైన ఒక ముసలివాడు, ఆయన కింద ఆ మెరుపులో తలకిందులుగా ఇంకో ముసలివాడు, ఇద్దరి చేతుల్లోనూ కుళ్ళిన మినప మొక్క.